దీర్ఘవ్యాధులు – చిట్టాకెక్కని మనవారు

(గోనెగండ్లలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా రిజిస్టర్లు రాసి పదవీ విరమణ చేసిన గుమాస్తాలము. విరమణ తరువాత తోటి మిత్రులతో కలిసి గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని వాడల్లో పింఛను దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, ఆసుపత్రి కాగితాలు చూసిపెడుతూ తిరుగుతున్నాము. కాబట్టి ఈనాడు మేము చెప్పబోయేది మందుల సంగతి కాదు, మనుషుల లెక్క. షుగరు, రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులు ఏ వయసువారిని, ఏ పనివారిని, ఏ వాడవారిని ఎక్కువగా పట్టుకుంటున్నాయి, ఎవరి విషయంలో ఆలస్యంగా బయటపడుతున్నాయి అన్నదే ఆ లెక్క.

మా ఆపా సంగతితో మొదలుపెడతాము. ఆమెకు అరవై దాటాయి. ఆ ఇంట్లో ముగ్గురు మగవాళ్ళకూ షుగరు పరీక్ష జరిగింది. బావగారికి కంటి ఆపరేషనుకు ముందు చేశారు. పెద్ద కుమారునికి గల్ఫు ప్రయాణానికి ముందు చేశారు. చిన్నవాడు ఒక కంపెనీలో చేరేటప్పుడు వాళ్ళే చేయించారు. ఆపాకు మాత్రం ఎన్నడూ జరగలేదు. చివరి కాన్పు తరువాత ఆమె చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టినవారే లేరు. కాలి బొటనవేలికి చెప్పు ఒరుసుకొని పుండయింది. మానలేదు. పసుపు అద్దారు, ఎవరో చెప్పిన లేపనం రాశారు, చివరకు వేలు నల్లబడిన తరువాత పెద్దాసుపత్రికి తీసుకుపోతే వేలు తీసివేయక తప్పలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఒంట్లో షుగరు ఉన్నదని ఆ రోజే అందరికీ తెలిసింది. తప్పు ఎవరిదని అడిగితే, ఆసుపత్రిది కాదు, పథకాలదీ కాదు. నెలకు రెండుసార్లు ఆ ఇంటికి పోయి ఆమె చేతి వంట తిని వచ్చిన తమ్ముళ్ళము మేమే ఒక్కసారైనా అడగలేదు.

ఇక కొన్ని అంకెలు. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు పైబడిన స్త్రీలలో నూటికి 19.5 మందికి, పురుషులలో 21.8 మందికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నది, లేదా దానికోసం మందు వాడుతున్నారు. దేశం మొత్తం మీద ఇవి 13.5, 15.6 మాత్రమే. రక్తపోటు లెక్క చూసినా మన రాష్ట్రంలో స్త్రీలు 25.3 శాతం, పురుషులు 29 శాతం. దేశంలో 21.3, 24. అంటే దేశపు సగటు కంటే మన రాష్ట్రం రెండింటిలోనూ ముందున్నది. ఇందులో హిందువు, ముస్లిము, క్రైస్తవుడు అందరూ ఉన్నారు. షుగరు మన మతాన్ని చూసి రాదు. కానీ మన వయసు, చదువు, బ్రతుకుతెరువు, నివాసం చూసి వస్తుంది. ఆ నాలుగింటిలో మన సమాజం ఎక్కడ నిలిచి ఉన్నదో చూసుకుంటే మిగతాది అర్థమవుతుంది.

నివాసం సంగతే తీసుకుందాం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదికను ఉద్యోగాలు, చదువుల కోసం మనం ఎన్నో సభల్లో ఉదహరించాము. ఆరోగ్యం కోసం ఉదహరించినది తక్కువ. 2001 జనగణన నాటికి దేశ జనాభాలో పట్టణవాసులు నూటికి 27.8 అయితే, ముస్లింలలో 35.7. మనవారు భూమి లేక, చేతివృత్తులను, చిల్లర వ్యాపారాన్ని నమ్ముకొని పట్టణాల్లో చేరారు. పట్టణమంటే బంగళాలు అనుకోవద్దు. ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని మన వాడల్లోకి వచ్చి చూడండి. ఇరుకు గల్లీలు, నడవడానికి చోటు లేని కాలువ గట్లు, ఇంటి ముందరే నూనె మూకుళ్ళు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వయోజనులలో నూటికి 11.4 మందికి, అంటే పది కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉన్నదని, పట్టణాలలో అది 16.4 శాతం, పల్లెలలో 8.9 శాతం అని ఆ నివేదిక చెప్పింది. పట్టణంలో ఎక్కువమంది ఉన్న సమాజానికి ఈ జబ్బు ఎక్కువగా తగలడంలో ఆశ్చర్యం లేదు. పల్లెలో ఉన్నవారు తప్పించుకున్నారని కూడా అనుకోవద్దు. గోనెగండ్ల పల్లె అంటే పల్లె, పట్టణమంటే పట్టణం. ఉదయం ఉగ్గాని బజ్జీ, సాయంత్రం సమోసా చాయ్ ఇక్కడ దొరకని వీధి లేదు.

తిండి మాట వచ్చింది గనుక ఇక్కడ కొంత ఆగుతాము. మా నాన్నగారి తరానికి జొన్న రొట్టె, కొర్ర అన్నం, సజ్జ సంకటి నిత్యభోజనం. వరి అన్నం పండుగ భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆ పథకాన్ని మేము తప్పుపట్టము. ఆకలితో పడుకొనే ఇళ్ళను మా కళ్ళతో చూసినవాళ్ళము. పడమటి కర్నూలు కరువుల నేల. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది, 1876–78 నాటి మహా కరువులో మాడిపోయిన ప్రాంతమిది. అటువంటి నేలకు చౌక బియ్యం ఎంత ఆదరువో చెప్పనవసరం లేదు. అయితే కడుపు నిండింది కదా అని మూడు పూటలా తెల్ల బియ్యమే తిని, జొన్న రొట్టెను బీదరికపు గుర్తుగా చూడడం మొదలుపెట్టాము. ఒంటి కష్టం తగ్గింది, పిండి పదార్థం పెరిగింది.

మరొక మాట. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944–45 శీతకాలంలో హాలెండు దేశం కరువు పాలైంది. అప్పుడు తల్లి గర్భంలో ఉన్నవారిని పెద్దయ్యాక పరీక్షించిన పరిశోధకులు వారి శరీరం చక్కెరను సరిగా అదుపు చేయలేకపోతున్నదని కనుగొన్నారు. పస్తుల కాలంలో గర్భాన పడి, తరువాత తిండి సమృద్ధిలో పెరిగిన శరీరానికి ఎక్కువ ప్రమాదమన్నమాట. కరువుల చరిత్ర ఉన్న మన ప్రాంతం ఈ మాటను చెవిన పెట్టాలి.

ఇక్కడే పాలస్తీనా ప్రస్తావన తెస్తాము. ఈ పత్రిక పాఠకులకు పాలస్తీనా అంటే యుద్ధం, ఆక్రమణ, శరణార్థి శిబిరం. అది నిజమే. కాని ఆ ప్రజలను నిశ్శబ్దంగా చంపుతున్నవి గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, క్యాన్సరు అని 2009లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన వ్యాస పరంపర వివరించింది. 1948లో ఏడు లక్షల మందికి పైగా ఇల్లూ పొలమూ వదిలి రావలసి వచ్చింది. 1950 మే నుండి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఉన్రా వారికి రేషను ఇచ్చింది. గోధుమ పిండి, చక్కెర, నూనె, బియ్యం. ఆలివు తోటల్లో శ్రమించిన రైతు శిబిరంలో వరుసలో నిలబడి పిండి మూట తెచ్చుకొనేవాడయ్యాడు. అక్కడ స్త్రీలలో స్థూలకాయం, పురుషులలో పొగతాగడం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ రక్తపోటు, మధుమేహం పెరుగుతాయి. మనకు బాంబులు లేవు, తనిఖీ కేంద్రాలు లేవు, ఆ కష్టంతో మన కష్టాన్ని తూచడం అన్యాయం. ఒక్క విషయంలోనే పోలిక చెబుతున్నాము. భూమి పోయి, పని పోయి, రేషను మీద బ్రతకవలసి వచ్చిన ప్రజలకు కడుపు నిండినా జబ్బు తప్పలేదు.

ఇప్పుడు స్త్రీల సంగతి. తెర వెనుక ఉన్న తల్లులు మమ్మల్ని క్షమించాలి, కొంచెం నిష్ఠురంగా మాట్లాడవలసి ఉన్నది. మన రాష్ట్రంలో అధిక బరువు ఉన్నవారు పురుషులలో నూటికి 31.1 అయితే స్త్రీలలో 36.3. మన ఇళ్ళలో స్త్రీ వంటగది నుండి వరండా వరకు నడుస్తుంది. మగవాడు కనీసం మసీదుకు ఐదు పూటలా నడుస్తాడు, నడిచేవాడైతే. ఆమె అందరూ తిన్న తరువాత తింటుంది, మిగిలినది పారవేయడం ఇష్టం లేక తింటుంది. కుట్టుమిషను ముందు కూర్చుంటే సాయంత్రం వరకు లేవదు. నలభై దాటిన స్త్రీని ఏ ప్రభుత్వ ఉద్యోగీ పరీక్షకు పిలవడు, ఏ కంపెనీ అడగదు, ఏ దేశపు వీసా అడగదు. కాన్పుల వయసు దాటగానే ఆమె ఆరోగ్య శాఖ చిట్టా నుండే కాదు, ఇంటివాళ్ళ దృష్టి నుండి కూడా జారిపోతుంది. మేము ఇల్లిల్లూ తిరిగినప్పుడు విన్న మాట ఒక్కటే: "నాకేముంది భాయ్, నేను బాగానే ఉన్నాను. ఆయనకు చూడండి."

బాగానే ఉన్నాను అన్న మాటకు కొలత పెట్టే మార్గం ఒకటి చెబుతాము. మన దక్షిణాసియా ప్రజలకు నడుము చుట్టుకొలత పురుషునికి 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన అని వైద్యులు నిర్ణయించారు. తెల్లవారి దేశాల కంటే మనకు ఈ హద్దు తక్కువ, ఎందుకంటే బక్కగా కనబడే మన ఒంటిలోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. మన వాడల్లో దర్జీలకు కొదువ లేదు. ఇంటింటా టేపు ఉన్నది. ఈ రాత్రికి ఆ టేపు ఇంటి ఇల్లాలి నడుముకు చుట్టి చూడండి, జాకెట్టు కొలతకు కాదు.

వృత్తి సంగతికి వస్తే, మన దూదేకుల సోదరుల చరిత్ర ఈ ప్రాంతంలో పత్తితో ముడిపడి ఉన్నది. ఆదోని పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు అందరికీ తెలుసు. తరతరాలుగా దూదిని ఏకిన ఊపిరితిత్తులలో ఆ దుమ్ము చేరింది. పత్తి దుమ్ము వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధిని 1923 నాటి నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలు వృత్తివ్యాధిగా గుర్తించింది. మిల్లు కార్మికుడైతే చట్టం కింద అడగవచ్చు. తన ఇంటి వసారాలో పరుపులు కుట్టే మనిషికి యజమాని ఎవరు? అతడు ఎవరిని అడగాలి? సచార్ కమిటీ చెప్పినట్లు మనవారిలో స్వయం ఉపాధి మీద బ్రతికేవారి వంతు ఇతరుల కంటే ఎక్కువ. స్వయం ఉపాధి అనే మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. ఆచరణలో దాని అర్థం, జబ్బు సెలవు లేదు, ఈఎస్ఐ కార్డు లేదు, ఆసుపత్రికి పోయిన రోజు కూలి లేదు. అందుకే ఆటో డ్రైవరు, మెకానిక్కు, పండ్ల బండివాడు తలనొప్పి వచ్చినా దుకాణంలో మాత్ర కొని మింగి పనిలోకి పోతాడు. ఒళ్ళునొప్పుల మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయని అతనికి చెప్పినవారు లేరు.

అన్నిటికంటే బరువైనది సుగ్గి. పడమటి కర్నూలులో పుట్టినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. వానలు మోసం చేసిన సంవత్సరం పంట పని అయిపోగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, బెంగుళూరు, హైదరాబాదు కట్టడం పనులకు కుటుంబాలకు కుటుంబాలే తాళాలు వేసి కదులుతాయి. మనవారిలోనూ భూమి లేనివారు ఆ లారీలు ఎక్కుతున్నారు. పిల్లల చదువు పోతున్నదని అందరూ వ్రాశారు, వ్రాయాలి కూడా. కాని అదే లారీలో యాభై ఏళ్ళ తండ్రి రక్తపోటు మాత్రలు, తల్లి షుగరు మాత్రలు కూడా పోతున్నాయి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్రలు నెలలోపే అయిపోతాయి. పోయిన చోట వీరి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. రక్తపోటు మాత్ర ఆపితే ఆ రోజు ఏమీ కాదు, మరుసటి వారమూ ఏమీ కాదు. ఏమీ కాలేదు గనుక మాత్ర అక్కరలేదని అనుకుంటారు. రెండు మూడు నెలలకు చేను గట్టు మీద మూతి వంకరపోయి, చేయి పడిపోయి ఇంటికి మోసుకొని తెస్తారు. అటువంటి ఇళ్ళు మాకు తెలుసు, ఈ సభలోనూ ఉన్నాయి.

మందు వాడకం తెగిపోవడమే దీర్ఘవ్యాధి ఉన్నవారికి అసలు ఆపద. 2023 నవంబరులో గాజాలో క్యాన్సరు కోసం ఉన్న ఏకైక ప్రత్యేక ఆసుపత్రి, టర్కీ–పాలస్తీనా మైత్రి ఆసుపత్రి, బాంబుదాడుల నడుమ ఇంధనం లేక సేవలు నిలిపివేసింది. బాంబు తగలనివాడు కూడా మందు అందక చనిపోయే స్థితి అది. అక్కడ యుద్ధం తెంపిన దాన్ని ఇక్కడ ఒక లారీ ప్రయాణం తెంపుతున్నది. మనకు శాంతి ఉన్నది, రోడ్లు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. మన దగ్గర ఇది తెగిపోవడానికి క్షమాపణ లేదు.

చదువు గురించి ఎక్కువ చెప్పము. మాత్రల అట్ట మీది పేరు చదవలేని మనిషి రంగును బట్టి మందు గుర్తు పెట్టుకుంటాడు. కంపెనీ మారితే రంగు మారుతుంది. తెల్ల మాత్ర రోజుకొకటి అని గుర్తున్న ముసలాయన గులాబీ మాత్ర వచ్చేసరికి రెండూ మింగడమో, రెండూ మానడమో చేస్తాడు. పదవ తరగతి చదివే మనుమరాలు ఇంట్లో ఉన్నదంటే ఆ ఇంటికి సగం నర్సు ఉన్నట్టే. ఆ పిల్లను చదువు మాన్పించకండి.

రమజాను విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన పెద్దలు ఈ విషయంలో మొండిపట్టు పడతారు. రోగికి, ప్రయాణికుడికి ఉపవాసం నుండి మినహాయింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. ఆ మినహాయింపును బలహీనతగా చూడడం మనం తెచ్చిపెట్టుకున్నది. 2001లో 13 దేశాల్లో మధుమేహం ఉన్న ముస్లింల మీద జరిగిన ఎపిడయార్ అధ్యయనంలో రమజాను నెలలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలైనవారు మిగతా నెలల కంటే ఎన్నో రెట్లు పెరిగినట్టు తేలింది. షుగరు ఉన్న ప్రతివారూ ఉపవాసం మానాలని మేము అనడం లేదు. కొందరు ఉండగలరు, కొందరు ఉండరాదు. ఎవరు ఏ కోవలో ఉన్నారో నెల ముందే డాక్టరును అడిగి, మందు వేళలు సహరీకి, ఇఫ్తారుకు మార్పించుకోవాలి. తనంతట తాను మాత్రలు ఆపుకోరాదు. వేలి నుండి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే ఉపవాసం భంగం కాదని పండితులు చెప్పే ఉన్నారు. ఇమాము సాహెబులు షాబాను నెలలో ఒక జుమా ప్రసంగాన్ని ఈ విషయానికి కేటాయిస్తే మా పది సభల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇక మా గుమాస్తా బుద్ధి. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రకారం నేడు 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, షుగరు, నోటి క్యాన్సరు, స్త్రీలకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ఉచితంగా చేయాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుండి పెద్ద ఆపరేషన్లకు ఆసరా దొరికింది, ఆ మేలు కాదనలేము. కాని ఆపరేషను దాకా పోకుండా ఆపే పరీక్ష మన ఊళ్ళోనే ఉండగా దానికి మనం పోవడం లేదు. పోయినవారి పేర్లు ఎక్కుతున్నాయి, రెండవసారి రానివారిని పిలిచేవారు లేరు. ఏఎన్ఎం ఒక్కతే, ఆమె నెత్తిన ఉన్న రిజిస్టర్లు మేము ఉద్యోగకాలంలో మోసిన వాటికంటే ఎక్కువ. ఆమెను తప్పుపట్టే నోరు మాకు లేదు.

జోర్డాను రాజధాని అమ్మానులో, నుజ్హా అనే చోట, పాలస్తీనా శరణార్థుల ఆసుపత్రిలో ఒక పద్ధతి పెట్టారు. క్షయరోగుల లెక్కకు వాడే పద్ధతిని షుగరు, రక్తపోటు రోగులకు వాడారు. ప్రతి మూడు నెలలకూ చిట్టా తీస్తారు. కొత్తగా ఎందరు చేరారు, పాతవారిలో ఎందరు వచ్చారు, ఎందరు రాలేదు, వచ్చినవారిలో ఎందరికి అదుపులో ఉన్నది, ఎందరికి కాలో కన్నో దెబ్బతిన్నది. మందు ఇచ్చామా అన్నది ఒక్కటే చూడరు, మనిషి వచ్చాడా అన్నది చూస్తారు. గైర్హాజరు పట్టీ అన్నమాట. బడిలో పిల్లవాడు రాకపోతే టీచరు అడుగుతుంది. రోగి రాకపోతే ఎవరు అడగాలి? అక్కడ నమోదైనవారిలో స్త్రీలే ఎక్కువ అన్నది కూడా గమనించండి. ఇల్లు కోల్పోయి పరాయి దేశంలో తలదాచుకున్న ప్రజల స్త్రీలు ఆసుపత్రి చిట్టాలో ఉన్నప్పుడు, సొంత ఇంట్లో ఉన్న మన స్త్రీలు ఎందుకు లేరు?

2011 జనగణన నాటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో సుమారు ఆరుగురిలో ఒకరు ముస్లిం. ఇంత సంఖ్య ఉన్నవాళ్ళము ఓట్ల జాబితాలో పేరు లేకపోతే కలెక్టరు కార్యాలయం దాకా పోతాము. ఆరోగ్య చిట్టాలో పేరు లేకపోతే ఎందుకు పోము? మసీదు కమిటీల వద్ద మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. నెలకు ఒక శుక్రవారం, జుమా తరువాత మగవారికి మసీదు వసారాలో, అదే రోజు ఉదయం స్త్రీలకు ఉర్దూ పాఠశాలలో, ఏఎన్ఎం కూర్చోవడానికి ఒక గది, ఒక బల్ల. సాయంత్రం ఒక గంట ఆ పాఠశాల ఆవరణను స్త్రీలు నడవడానికి వదలడం. చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు గైర్హాజరు పట్టీ రాసి, రానివారి ఇంటికి పోయి పిలవడం. అధికారులను అడగవలసినది వేరే ఉన్నది. సుగ్గికి పోయే కుటుంబానికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. 2020లో కోవిడు కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే మూడు నెలల వరకు మందులు ఇవ్వవచ్చునని చెప్పాయి. వైరస్ భయంతో ఇవ్వగలిగినది వలస కోసం ఇవ్వలేరా? ఈ మేరకు అర్జీ సిద్ధం చేసి తెచ్చాము. సంతకాల కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నది. వేలిముద్రలకు సిరా డబ్బా కూడా ఉన్నది. ముస్లిమేతర సోదరులు సంతకం చేస్తే మరీ సంతోషం, ఎందుకంటే ఆ లారీ అందరిదీ.

ఇప్పుడు పక్క గదిలో ఏఎన్ఎం అమ్మ వచ్చి కూర్చున్నది. స్త్రీలను ముందు పంపుదాం, మగవారు ఇక్కడే కూర్చోండి, తొందరేమీ లేదు. పేరు రాయించుకొనేటప్పుడు వయసు సరిగా చెప్పండి, ఆధార్ కార్డులోని వయసు కాదు, అసలు వయసు. ఫోను నంబరు ఇంట్లో ఎప్పుడూ మోగేది ఇవ్వండి. సుగ్గికి ఏ నెలలో, ఏ ఊరి వైపు పోతారో కూడా రాయించండి. ఆ గడి పాత రిజిస్టరులో లేదు, మేము స్కేలు పెట్టి గీసి తెచ్చాము. మా ఆపా కూడా వచ్చింది, చేతికర్రతో మొదటి వరుసలో ఉన్నది. ఆమె తరువాత మిగతావారు రండి.